కొలత పరికరముల హద్దులు : మన ప్రయోగ పుస్తకములపై ఒక విమర్శ

విద్యుత్తును కొలుచు పరికరమును చేత పట్టుకొనిన వానికి మూడు సంగతులు తెలిసియుండవలెను. ఆ పరికరము ఎంతవరకు కొలువగలదు? ఎంతవరకు ఓర్వగలదు? ప్రవాహము గాని వోల్టేజి గాని ఎంతకు చేరినపుడు పనిని ఆపవలెనని తాను ముందుగా నిర్ణయించుకొనినాడు? ఇవి మూడును మూడు వేర్వేరు హద్దులు. మన ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతుల భౌతికశాస్త్ర ప్రయోగ పుస్తకములు మొదటి హద్దును గురించి కొంత చెప్పుచున్నవి. తక్కిన రెండింటిని గురించి దాదాపు మౌనము వహించుచున్నవి. ఆ మౌనమువలన విద్యార్థికి కలుగుచున్న నష్టమేమి, దానిని తీర్చు మార్గమేమి అనునది ఈ వ్యాసమునకు విషయము.

ఇది ఏ ఒక్క పుస్తకమును, ఏ ఒక్క రచయితను ఉద్దేశించి చేయుచున్న విమర్శ కాదు. ఈ పుస్తకములన్నియు ఒకే అచ్చులో పోసినట్లుండును. ఆ అచ్చునే ఇచట పరీక్షించుచున్నాను.

గోదావరి గట్టుమీది మూడు హద్దులు

ఈ మూడు హద్దుల భేదమును డెల్టావాసులకు కొత్తగా నేర్పనక్కరలేదు. ధవళేశ్వరమువద్ద 1852లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి నీటిమట్టమును చూచి బ్రతుకుట మనకు అలవాటు. అచట నీటిమట్టము 11.75 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు చేరినపుడు రెండవ హెచ్చరికను, 17.75 అడుగులకు చేరినపుడు మూడవ హెచ్చరికను ప్రకటింతురు. సుమారుగా ఇవి 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కుల ప్రవాహమునకు గుర్తులు.

ఇందులో మూడు సంగతులు ఇమిడియున్నవి. కొలబద్దమీద అంకెలు ఎంత ఎత్తువరకు వ్రాసియున్నవి అనునది ఒకటి. గట్టు ఎంత నీటికి నిలువగలదు అనునది రెండవది. ఏ మట్టమువద్ద జనమును హెచ్చరింపవలెను అనునది మూడవది. మొదటిది కొలబద్ద గుణము. రెండవది గట్టు గుణము. మూడవది మనుష్యుల నిర్ణయము. గట్టు తెగుటకు చాల ముందే జనము కదలవలెను గనుక మూడవదానిని రెండవదానికంటె తక్కువగానే పెట్టుదురు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించినది. మూడవ హెచ్చరికకు ఇది రెట్టింపు. గట్లు పలుచోట్ల తెగినవి. కొలబద్దమీద అంకె ఉన్నంతవరకు గట్టు నిలుచునని నమ్మువాడు మన లంకలలో ఒక్కడును ఉండడు.

ఆశ్చర్యమేమనగా, ఇదే లంకనుండి కళాశాలకు వచ్చిన బాలుడు మల్టీమీటరుమీద 1000 అను అంకెను చూచి, ఇది వేయి వోల్టులవరకు నిలుచునని నమ్ముచున్నాడు. ‘మీటరుమీద వేయి ఉన్నది కదండీ, ట్రాన్స్‌ఫార్మరువద్ద నాలుగు వందల వోల్టులు కొలిచిన ఏమగును?’ అని తరగతిలో నన్ను అడిగిన విద్యార్థులు కలరు. తప్పు వారిది కాదు. వారి చేతిలో మనము పెట్టిన పుస్తకము ఈ రెండు హద్దులను విడదీసి చూపలేదు.

ఇంగ్లీషులో వీటికి రేంజి, రేటింగు, లిమిట్ సెట్టింగు అని వేర్వేరు పేర్లు కలవు. మన తరగతి గదులలో మూడింటికిని ‘పరిమితి’ అనియో ‘హద్దు’ అనియో ఒకే మాట వాడుచున్నాము. ఈ వ్యాసమునందు సౌలభ్యముకొరకు మొదటిదానిని మేర అనియు, రెండవదానిని ఓర్పు అనియు, మూడవదానిని కట్టడి అనియు వ్యవహరింతును. ఇవి ఇంటిలో వాడు మాటలే.

పుస్తకముల అచ్చు

ప్రయోగ పుస్తకములో ప్రతి పాఠము ఒకే వరుసలో నడచును: ఉద్దేశము, కావలసిన పరికరములు, సూత్రము, పటము, ప్రయోగ విధానము, పట్టిక, జాగ్రత్తలు, ఫలితము. ఈ వరుసకు గొప్ప గుణము కలదు. సహాయము చేయువారెవ్వరును లేని పల్లెటూరి విద్యార్థి కూడ దీనిని పట్టుకొని ప్రయోగమును ముగింపగలడు. తెలుగు మాధ్యమమున చదివిన ఎన్నో తరముల విద్యార్థులకు ఈ పుస్తకములు చేసిన మేలు చిన్నది కాదు.

‘జాగ్రత్తలు’ అను భాగమును చూడుడు. అమ్మీటరును శ్రేణిలో కలుపవలెను. వోల్టుమీటరును సమాంతరముగా కలుపవలెను. ధనధ్రువమును ధనధ్రువముతోనే కలుపవలెను. కలుపులు బిగువుగా ఉండవలెను. అంకెను చదువునపుడు దృష్టిదోషము లేకుండ చూడవలెను. చదువునంతసేపు మాత్రమే ప్లగ్గు కీని పెట్టవలెను. ఇవన్నియు సరియైన మాటలే. కాని ఒక్క సంగతి గమనింపదగియున్నది: ఇందులో ఏ ఒక్కదానికిని కారణము చెప్పలేదు. అమ్మీటరును సమాంతరముగా కలిపిన ఏమగును? ఎంత ప్రవాహము పోవును? ఏది కాలును? పుస్తకము చెప్పదు. కారణము తెలియని జాగ్రత్త మంత్రమువంటిది. పరీక్షలో వ్రాయుటకు పనికివచ్చును. కొత్త పరికరము ఎదురైనపుడు పనికిరాదు.

ఈ అచ్చు రెండు వోల్టుల సంచాయక ఘటము, లెక్లాంషి ఘటము ప్రయోగశాలలో ఉన్న కాలమున తయారైనది. ఆ ఘటములతో చేయు పనిలో పొరపాటు జరిగిన యెడల ముల్లు వంగును, అంతే. చేతికి హాని లేదు. అందుచేత ఆ జాగ్రత్తలన్నియు ముల్లును కాపాడునవే. నేటి విద్యార్థి చేతిలో ఉన్నది కొద్ది వందల రూపాయలకు దొరకు మల్టీమీటరు. దానిని పట్టుకొని వాడు ప్రయోగశాల బల్లవద్ద ఆగడు. ఇంటిలోని ప్లగ్గువద్దకును, పొలములోని మోటారువద్దకును పోవును. అచట ఉన్నది 230 వోల్టులు, 415 వోల్టులు. ముల్లును కాపాడుటకు వ్రాసిన జాగ్రత్తలు వానిని కాపాడలేవు.

షంటు లెక్కకు తరువాతి లెక్క

ఒక ఉదాహరణమును చూతము. గాల్వనామీటరును అమ్మీటరుగా మార్చుట ప్రతి పుస్తకములోను ఉన్న పాఠము. గాల్వనామీటరు నిరోధము 100 ఓములు, పూర్తి విచలనమునకు కావలసిన ప్రవాహము 1 మిల్లీ ఆంపియరు అనుకొందము. దీనిని 1 ఆంపియరు అమ్మీటరుగా మార్చుటకు కావలసిన షంటు సుమారు 0.1 ఓము. విద్యార్థి ఈ లెక్కను తప్పులేకుండ చేయును. పుస్తకము ఇచటితో ఆగును.

ఇచట ఆగకూడదు. షంటు తీగ ఒక చివర వదులైనదనుకొనుడు. 12 వోల్టుల బ్యాటరీనుండి వచ్చు ప్రవాహమునకు ఇపుడు 100 ఓముల తీగచుట్ట తప్ప వేరు దారి లేదు. దానిగుండ 120 మిల్లీ ఆంపియర్లు పోవును. అది ఓర్వదగిన దానికి 120 రెట్లు. వేడి ప్రవాహపు వర్గమునుబట్టి పెరుగును గనుక చుట్టలో పుట్టు వేడి 14,400 రెట్లు! వెండ్రుకవంటి తీగకు ఇది మరణమే. ‘కలుపులు బిగువుగా ఉండవలెను’ అను జాగ్రత్తకు అసలు అర్థమిది. ఈ నాలుగు పంక్తుల లెక్కను సూత్రము క్రింద చేర్చిన యెడల విద్యార్థి ఆ జాగ్రత్తను జన్మలో మరువడు. లెక్క కొత్తది కాదు. ఓము నియమము, జౌలు నియమము. రెండును వానికి వచ్చినవే. వాటిని పరికరమునకు అన్వయించుటయే మనము నేర్పలేదు.

1923లో డొనాల్డ్ మెకాడీ అను బ్రిటిషు తపాలాశాఖ ఇంజనీరు ఆలోచననుండి ‘ఆవోమీటరు’ పుట్టినది. ఆంపియరు, వోల్టు, ఓము అను మూడు పేర్ల మొదటి అక్షరములే దాని పేరు. దాని తరువాతి నమూనాలలో ఒక చక్కని ఏర్పాటు కలదు. ప్రవాహము మితిమీరినపుడు ముల్లు వేగముగా కొట్టుకొని, ఒక మీట తనంతట తాను పైకి లేచి, వలయమును తెంచివేయును. ఇట్లు దాని కట్టడి కంటికి కనిపించుచుండెడిది. నేటి చౌక డిజిటల్ మీటరులో అట్టి మీట లేదు. కనుక ఆ పనిని వాడువాని బుద్ధియే చేయవలెను.

మల్టీమీటరు : త్రిప్పుడు మీట, సాకెట్టు

‘తెలియని వోల్టేజిని కొలుచునపుడు పెద్ద రేంజినుండి ప్రారంభింపవలెను’ అను సూచన పుస్తకములలో కనిపించుచున్నది. మంచిదే. కాని తరువాత చిన్న రేంజికి ఎందుకు దిగవలెనో చెప్పరు. 2000 వరకు లెక్కించు మామూలు మీటరును తీసికొనుడు. దాని నిర్దుష్టత ‘చదివిన విలువలో నూటికి అర, దానిపై చివరి అంకెలో రెండు’ అని చిన్నపుస్తకములో వ్రాసియుండుననుకొందము. 1.5 వోల్టుల ఘటమును 200 వోల్టుల రేంజిలో కొలిచిన యెడల చివరి అంకె 0.1 వోల్టు, పొరపాటు 0.2 వోల్టుకు పైగా ఉండవచ్చును. అదే ఘటమును 2 వోల్టుల రేంజిలో కొలిచిన యెడల పొరపాటు 0.01 వోల్టుకు లోబడును. మీటరు ఒకటే, ఘటము ఒకటే. అమరికను మార్చుటతో పొరపాటు ఇరువది వంతులలో ఒక వంతునకు తగ్గినది.

ఇది మేరకు సంబంధించిన మాట. ఓర్పుకు సంబంధించిన మాట ఇంతకంటె ముఖ్యము. మీటరుకు మూడో నాలుగో సాకెట్లు ఉండును. ఎఱ్ఱ తీగను వోల్టుల సాకెట్టులో పెట్టినపుడు మీటరు నిరోధము సాధారణముగా 1 నుండి 10 మెగా ఓములు. 10 మెగా ఓములున్న మీటరుతో ఇంటి ప్లగ్గును తాకిన యెడల దానిగుండ పోవునది 23 మైక్రో ఆంపియర్లు. అదే తీగను 10 ఆంపియర్ల సాకెట్టులో మరచి ప్లగ్గును తాకిన యెడల మీటరు ఒక లావు రాగి ముక్కతో సమానము. ఇంటి తీగలు, మీటరు తీగలు అన్నియు కలిసి అర ఓము నిరోధమున్నదనుకొనినను 460 ఆంపియర్లు పరుగెత్తును. త్రిప్పుడు మీటను ‘వోల్టులు’ అను చోటికి త్రిప్పినంతమాత్రమున ఈ ప్రమాదము తొలగదు. తీగ ఏ సాకెట్టులో ఉన్నదో అదియే నిర్ణయించును. అనేక చౌక మీటర్లమీద ఆ సాకెట్టు ప్రక్కన ‘ఫ్యూజు లేదు’ అని చిన్న ఇంగ్లీషు అక్షరములతో అచ్చువేసియుండును. ఆ రెండు మాటలను చదివించిన ప్రయోగ పాఠము నా కంటబడలేదు.

ఫ్యూజు ఉన్నంతమాత్రమున కూడ సరిపోదు. చిన్న గాజు ఫ్యూజు తెంచగల ప్రవాహమునకు ఒక హద్దు కలదు. పలు రకములలో అది కొన్ని పదుల ఆంపియర్లు మాత్రమే. అంతకు మించినపుడు లోపలి తీగ కరగినను, ఆ ఎడములో మెరుపు నిలిచి ప్రవాహము ఆగకపోవచ్చును, గాజు పగులవచ్చును. మంచి మీటర్లలో ఇసుక నింపిన పింగాణి ఫ్యూజు ఉండును. అది వేల ఆంపియర్లను కూడ ఆర్పగలదు. కాలిన ఫ్యూజుకు బదులు రాగి తీగను చుట్టుట మన ఊళ్లలో ఎరుగని పని కాదు. మీటరులో ఆ పని చేసినవాడు గట్టును తీసివేసి కొలబద్దను మాత్రము ఉంచుకొనినవాడు.

వేయి వోల్టుల మీటరు, ఆరువందల వోల్టుల మీటరు

ఇప్పుడు విద్యార్థి అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పుదము. అంతర్జాతీయ ప్రమాణమగు ఐ.ఇ.సి. 61010 కొలత స్థలములను తరగతులుగా విభజించినది. గోడలోని ప్లగ్గుకు తగిలించు పరికరములు క్యాట్ 2. భవనపు స్థిరమైన తీగలు, పంపిణీ పలకలు, మోటార్లు క్యాట్ 3. వీధినుండి లైను ఇంటిలోనికి వచ్చు చోటు, అంతకు వెలుపలి భాగము క్యాట్ 4. ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గరగా పోయినకొలది తరగతి పెరుగును.

దీనికి కారణము లైనుమీద క్షణకాలము పుట్టు వోల్టేజి పోటు. పిడుగు పడినపుడును, పెద్ద మోటారును ఆపినపుడును అది వేల వోల్టులకు లేచును. క్యాట్ 2లో 1000 వోల్టులకు అర్హమైన మీటరును, క్యాట్ 3లో 600 వోల్టులకు అర్హమైన మీటరును ప్రమాణము ఒకే పోటుతో పరీక్షింపవలెనన్నది: 6000 వోల్టులు. కాని మొదటిదానికి పోటును 12 ఓముల నిరోధముగుండ పంపుదురు. రెండవదానికి 2 ఓములగుండ పంపుదురు. ఓము నియమమును వేసి చూడుడు. మొదటిదానిలో 500 ఆంపియర్లు, రెండవదానిలో 3000 ఆంపియర్లు. కనుక మోటారు స్టార్టరువద్ద పనికి 1000 అని వ్రాసియున్న మొదటి మీటరుకంటె 600 అని వ్రాసియున్న రెండవ మీటరే తగినది. పెద్ద అంకె ఎక్కువ రక్షణ కాదు. వరద ఎత్తు ఒకటే అయినను వెనుకనున్న నీరు ఎంత అనునదే గట్టును పరీక్షించును.

ఇందులో ఇంటర్మీడియట్ విద్యార్థికి అందని గణితమేమియు లేదు. ఓము నియమమును ధ్రువపరచుటకు మనము వానిచే పట్టిక నింపించుచున్నాము. ఆ నియమము వాని ప్రాణమును ఎట్లు కాపాడునో చెప్పుట లేదు.

పవర్ సప్లైలో రెండు మీటలు

నేడు చాల కళాశాలలలో ఘటముల స్థానమున పవర్ సప్లై పెట్టెలు వచ్చినవి. వాటికి రెండు మీటలు: ఒకటి వోల్టేజికి, రెండవది ప్రవాహపు కట్టడికి. మొదటిదానిని అందరును త్రిప్పుదురు. రెండవదానిని చివరివరకు త్రిప్పి వదలివేయుట పలుచోట్ల ఆచారమైనది. ‘లేనిచో వోల్టేజి రాదు’ అని కారణము చెప్పుదురు!

జీనర్ డయోడు ప్రయోగమును తీసికొనుడు. డయోడు 5.6 వోల్టులది, దాని ఓర్పు 400 మిల్లీ వాట్లు. భాగించిన యెడల అది భరింపగల గరిష్ఠ ప్రవాహము సుమారు 71 మిల్లీ ఆంపియర్లు. కట్టడిని 50 వద్ద పెట్టుదము. ఇపుడు విద్యార్థి శ్రేణి నిరోధమును కలుపుట మరచినను డయోడులో పుట్టు వేడి 280 మిల్లీ వాట్లు, అది బ్రతుకును. కట్టడిని 3 ఆంపియర్లవద్ద వదలిన యెడల ఆ మరపు 17 వాట్లకు దారి తీయును. అది ఓర్పుకు నలుబది రెట్లు.

కట్టడిని పెట్టు పద్ధతి సులభము. వలయమును కలుపక ముందు వోల్టేజి మీటతో కావలసిన వోల్టేజిని పెట్టుకొనవలెను. కొత్త పెట్టెలలో ప్రవాహపు కట్టడి అంకెలలో కనిపించును. పాతవాటిలో, పెట్టెతో వచ్చిన చిన్నపుస్తకము అనుమతించినచో, రెండు కొనలను లావు తీగతో కలిపి రెండవ మీటను త్రిప్పుచు అమ్మీటరులో 50 వచ్చునట్లు చేసి, తీగను తీసివేసి, అపుడు ప్రయోగ వలయమును కలుపవలెను.

ఇచట రెండు సంగతులు మరువరాదు. పెట్టెలోపలి కెపాసిటరులో నిలువయున్న విద్యుదావేశము కట్టడిని లక్ష్యపెట్టదు. కలిపిన తొలి క్షణమున అది ఒక్కసారిగా పోవును. రెండవది, ప్రవాహము కట్టడిని తాకినపుడు పెట్టెమీద ఒక చిన్న దీపము వెలుగును. అప్పటినుండి అమ్మీటరు చూపునది డయోడు స్వభావము కాదు, మనము పెట్టిన కట్టడి. ఆ దీపమును గమనింపని విద్యార్థి గ్రాఫులో ఒక చదునైన గీతను గీచి దానికి భౌతికశాస్త్ర కారణమును వెదకును. పరికరపు అమరికను ప్రకృతి నియమముగా భ్రమించుట శాస్త్రాభ్యాసికి కలుగరాని భ్రమ. అందుచేత ఇది రక్షణకు సంబంధించిన విషయము మాత్రమే కాదు, సత్యమునకు సంబంధించిన విషయము కూడ.

చెరువుగట్టుమీది మోటారు

‘ఇవన్నియు ఐ.టి.ఐ.లో నేర్పదగినవి, భౌతికశాస్త్ర విద్యార్థికి సిద్ధాంతము చాలును’ అని కొందరు అనవచ్చును. మన ప్రాంతపు బ్రతుకును చూచినవారు ఈ మాట అనలేరు. భీమవరము, ఉండి, ఆకివీడు, కైకలూరు ప్రాంతములలో రొయ్యల చెరువులు, చేపల చెరువులు విస్తారముగా ఉన్నవి. రొయ్యల చెరువునీటిలో ప్రాణవాయువు తగ్గకుండ ఏరియేటర్లు రాత్రింబవళ్లు తిరుగుచుండును. నీటిలో తేలు ఏరియేటరు, గట్టుమీద స్టార్టరు పెట్టె, తడి నేల, తడి చేతులు! అర్ధరాత్రి మోటారు ఆగిన యెడల తెల్లవారులోగా పంట పోవునని రైతు భయము. ఆ వేళలో మీటరు పట్టుకొని పోవునది, ‘సైన్సు చదువుకొన్నాడు’ అని పేరు పడిన ఆ ఇంటి కుఱ్ఱవాడే.

వాడు లైనును ఆపి, మల్టీమీటరును ఓముల రేంజిలో పెట్టి, మోటారు చుట్టకును ఇనుప తొడుగుకును నడుమ నిరోధము చూచును. మీటరు ‘అనంతము’ అని చూపును. మోటారు బాగున్నదని తీర్మానించును. అది తొందరపాటు. ఓముల రేంజిలో మీటరు ప్రయోగించునది కొద్ది వోల్టులు మాత్రమే. తేమ పట్టిన బంధకము ఆ కొద్ది వోల్టులకు నిలిచి, 415 వోల్టులకు లొంగిపోవచ్చును. దీనికి కావలసినది మెగ్గరు. 415 వోల్టుల మోటారుకు సాధారణముగా దానిని 500 వోల్టుల ఏకముఖ విద్యుత్తువద్ద అమర్చి చూతురు. నిరోధము 1 మెగా ఓముకు తక్కువైన యెడల మోటారును వాడరాదని చిరకాలముగా పాటింపబడుచున్న నియమము. మెగ్గరును పెట్టుటకు ముందు లైను పూర్తిగా తెంపవలెను. ఎలక్ట్రానిక్ భాగములను విడదీయవలెను. లేనిచో ఆ 500 వోల్టులే వాటిని చంపును. పరీక్ష ముగిసిన తరువాత చుట్టలో నిలిచిన ఆవేశమును నేలకు పోనీయవలెను.

ఇంకొక భ్రమ కలదు. ‘10 ఆంపియర్ల ఫ్యూజున్నది, భయము లేదు’ అందురు. ఆ ఫ్యూజు తీగలను కాలకుండ కాపాడును, మనిషిని కాదు. దేహముగుండ కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు పోయినను గుండె లయ తప్పవచ్చును. 10 ఆంపియర్ల ఫ్యూజు దానిని గుర్తింపనైన గుర్తింపదు. మనిషిని కాపాడుటకు 30 మిల్లీ ఆంపియర్ల తేడాకు లైనును తెంచు ఆర్.సి.సి.బి. అనునది వేరుగా కావలెను. ఎవరి ఓర్పుకొరకు ఏ కట్టడి అని ఎల్లపుడు అడుగవలెను. తీగకు వేరు, డయోడుకు వేరు, దేహమునకు వేరు.

హద్దు దగ్గరి కొలత

కట్టడి సరిహద్దువద్ద కొలత పడినపుడు ఏమి చేయవలెను? పుస్తకములు పొరపాటును నూటికి ఇంత అని లెక్కకట్టించి వదలును. ఆ పొరపాటుతో నిర్ణయమెట్లు చేయవలెనో నేర్పవు. ధాన్యపు కొనుగోలును చూడుడు. ప్రభుత్వ మద్దతు ధరకు తేమ నూటికి 17 మించరాదని నియమము. 19 ఉన్న 75 కిలోల బస్తాను 17కు ఎండబెట్టిన యెడల సుమారు 1.8 కిలోల బరువు తగ్గును. అందుచేత ఒక్కొక్క అంకెమీద రైతుకును మిల్లరుకును తగవు పడును.

తేమను చూపు ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలవరకు గింజల విద్యుత్ గుణమును కొలిచి తేమను లెక్కించును. నీటి రోధక స్థిరాంకము సుమారు 80, ఎండు గింజది కొద్ది అంకెలు మాత్రమే, అదియే ఆధారము. గింజ రకమునుబట్టియు, ఉష్ణోగ్రతనుబట్టియు ఆ లెక్క మారును. వరికి బదులు వేరొక పంట అమరికలో ఉన్న మీటరు సరియైన అంకెను చూపదు. అమరిక సరిగా ఉన్నను, మీటరు పొరపాటు అటు ఇటు 0.5 అయిన యెడల 17.3 అను అంకెకు అర్థము 16.8కును 17.8కును నడుమ ఎక్కడనో అని. నాలుగైదు నమూనాలు తీసి సగటు కట్టిన యెడల నమూనాల తేడా తగ్గును. కాని మీటరే ప్రక్కకు ఒరిగియున్న యెడల సగటు దానిని సరిచేయదు. దానికి ఓవెనులో ఎండబెట్టి తూచి పోల్చుటయే మార్గము. ఈ ఒక్క ఉదాహరణమును బోధించిన యెడల పొరపాట్ల పాఠమునకు ప్రాణము వచ్చును.

ఏమి చేయవలెను?

మొదటిది: ‘కావలసిన పరికరములు’ అను పట్టికలో ప్రతి పరికరము ప్రక్కన మేర, ఓర్పు, కట్టడి అను మూడు గళ్లు ఉండవలెను. వాటిని పుస్తకము నింపరాదు. విద్యార్థియే పరికరమును చూచి, దాని చిన్నపుస్తకమును చదివి నింపవలెను.

రెండవది: సూత్రము క్రింద ‘ఒక తీగ తప్పిన ఏమగును?’ అను నాలుగు పంక్తుల లెక్క ఉండవలెను.

మూడవది: ప్రతి జాగ్రత్త వెంట ‘ఎందుకనగా’ అను మాట రావలెను. కారణము చెప్పలేని జాగ్రత్తను తీసివేయవచ్చును.

నాలుగవది: సాకెట్టును, అమరికను, కట్టడిని అధ్యాపకునికి చూపిన తరువాతనే స్విచ్చు వేయుట ఆచారము కావలెను. ప్రయోగము ముగియగానే ఎఱ్ఱ తీగను తిరిగి వోల్టుల సాకెట్టులో పెట్టుట కూడ ఆ ఆచారములో భాగమే.

వీటికి కొత్త పరికరములు అక్కరలేదు, కొత్త సొమ్ము అక్కరలేదు. పాఠమునకు అదనముగా ఒక పుట చాలును. మిగిలిన అడ్డంకి ఒక్కటే: మార్కులు. విద్యార్థి మార్కులున్న చోటికి పోవును. అధ్యాపకుడును అచటికే పోవును. నేడు సూత్రమునకు, పట్టికకు, గ్రాఫుకు, ఫలితమునకు మార్కులున్నవి. స్విచ్చు వేయుటకు ముందు సరియైన హద్దును నిర్ణయించినందుకు మార్కులు లేవు. ప్రయోగ పరీక్షలో రెండే రెండు మార్కులు దానికి కేటాయించిన యెడల, తక్కిన మార్పులన్నియు ఒక్క సంవత్సరములో వాటంతట అవే వచ్చును.